కోలీను: శరీరములో దాని పని, గ్రామములో మన పని

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపు గ్రామములలో ఫ్లోరైడు నీటివలన కలుగు కీడును ఎవరికిని వేరుగ బోధింపనక్కరలేదు. మచ్చలు పడిన పిల్లల పళ్ళును, వంగిన పెద్దల నడుములును ఆ పాఠమును నిత్యము కన్నుల యెదుట ఉంచుచునే యున్నవి. ఆహారములోని కొరత మాత్రము అట్లు కంటికి కనబడదు. పళ్ళెము నిండుగ నున్నను, తినెడి ముద్దలో ఏది తక్కువయినదో చూపుతో చెప్పజాలము.

కొంతకాలము క్రిందట ప్రచార కార్యక్రమము నిమిత్తము ఈ ప్రాంతములోని ఒక గ్రామమునకు వెళ్ళినప్పుడు, అంగన్‌వాడీ కేంద్రము వాకిట ఒక ముసలమ్మను చూచితిని. ఆమె కోడలికి ఏడవ నెల. కోడలి పేరున ఇచ్చిన గ్రుడ్డును ఆమె కొంగున కట్టుకొని ఇంటికి పోవుచున్నది. "కోడలు ఇక్కడికి వచ్చి తినదా అమ్మా?" అని అడిగితిని. "అది మిరపచేలో కూలికి పోయింది సామీ. వచ్చేసరికి పొద్దు గూకుతుంది. దానికి గుడ్డు వేడి చేస్తది గూడా. మనవళ్ళిద్దరూ చెరి సగం తింటారులే" అని ఆమె బదులు చెప్పెను.

ఆ మాటలో మనవలమీది ప్రేమ ఉన్నది. కోడలిమీద ద్వేషము లేదు. అయితే ఆ గ్రుడ్డులో ఏమున్నదో ఆ యత్తగారికి ఎవరును చెప్పలేదు. ఆ మిరపచేలో ఏ మందు కొట్టిరో, అది ఒంటికి ఏమి చేయునో ఆ కోడలికి ఎవరును చెప్పలేదు. ఈ రెండు విషయములకును నడుమ ఒక పదార్థము ఉన్నది. దాని పేరు కోలీను.

పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు. అయినను 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో వ్యవసాయము, ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి ఉన్నవి. కాబట్టి గర్భిణి తినవలసిన గ్రుడ్డును గూర్చియు, పైరుకు కొట్టు మందును గూర్చియు విచారించుట పంచాయతీ పనియే. ఆ విచారణకు పనికివచ్చునంత శాస్త్రమును ఈ పాఠమున తెలిసికొందము.

కోలీను అనగా నేమి?

కోలీను చాల చిన్న అణువు. దాని నడుమ ఒక నత్రజని పరమాణువు ఉండును. ఆ నత్రజనిని అంటుకొని మూడు మిథైలు గుంపులు ఉండును. మిథైలు గుంపు అనగా ఒక కార్బను పరమాణువును, దానితోడి మూడు హైడ్రోజను పరమాణువులును. నాలుగవ వైపున పొట్టి తోకవంటి భాగమొకటి కలదు. ఆ తోకతో కోలీను ఇతర పదార్థములతో ముడిపడగలదు. తన మిథైలు గుంపులను ఇతరులకు ఇయ్యగలదు. దాని పనులన్నియు ఈ రెండు శక్తులనుండియే వచ్చుచున్నవి.

జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ స్ట్రెకర్ 1849లో పందిపిత్తమునుండి దీనిని వేరుచేసెను. పిత్తమునకు గ్రీకు భాషలో గల పేరునుబట్టి 1862లో దీనికి కోలీను అను పేరు పెట్టెను. అంతకు కొంచెము ముందుగనే ఫ్రాన్సు దేశమున థియోడర్ గోబ్లీ అను శాస్త్రజ్ఞుడు గ్రుడ్డులోని పచ్చసొననుండి లెసిథిను అను కొవ్వుపదార్థమును తీసియుండెను. ఆ లెసిథినులో ఒక ముఖ్యభాగము కోలీనే యని తరువాత తేలినది.

అయినను ఇది ఆహారములో ఉండితీరవలసిన పదార్థమని తెలియుటకు చాలకాలము పట్టినది. కెనడా దేశమున ఇన్సులిను కనుగొనుటలో పాల్గొనిన చార్లెస్ బెస్ట్, తన సహచరులతో కలిసి 1932లో ఎలుకలపై పరిశోధన చేసి, కోలీను ఇచ్చినచో కాలేయములో కొవ్వు పేరుకొనకుండ ఆగునని చూపెను. 1991లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో ఆరోగ్యవంతులయిన పురుషులకు కొన్ని వారములు కోలీను లేని ఆహారము పెట్టగా, కాలేయమునకు దెబ్బ తగులుచున్న సూచనలు వారి రక్తములో కనబడినవి. 1998లో అమెరికా వైద్య విజ్ఞాన సంస్థ కోలీనును మనుష్యునికి ఆవశ్యకమయిన పోషకముగ గుర్తించి, రోజుకు ఎంత కావలెనో నిర్ణయించినది.

మన కాలేయము కొంత కోలీనును తానే తయారుచేసికొనగలదు. ఈ తయారీని ఈస్ట్రోజను అను స్త్రీ హార్మోను హెచ్చించును. కావున బిడ్డలను కను వయస్సులోని స్త్రీలు పురుషులకంటె ఎక్కువ తయారుచేసికొందురు. ముట్లుడిగిన పిమ్మట ఆ శక్తి తగ్గును. పుట్టుకతో వచ్చు భేదములవలన కొందరు స్త్రీలలో ఈ శక్తి మొదటినుండియు తక్కువగ నుండును. ఎవరిలో తక్కువయో బయటికి తెలియదు. ఎట్లయినను ఇంటి తయారీ ఒక్కటే చాలదు. మిగిలినది తిండినుండి రావలెను.

మొదటి పని: జీవకణపు గోడ

మన దేహము కోటానుకోట్ల జీవకణములతో కట్టబడినది. ప్రతి కణమునకును చుట్టును పలుచని పొర ఉండును. ఆ పొరలోని ప్రధాన పదార్థములలో ఒకటి కోలీనుతో కూడిన కొవ్వు. దీని తల నీటితో కలియును. తోకలు నూనెతో కలియును. అందుచేతనే అది లోపలి నీటికిని వెలుపలి నీటికిని నడుమ గోడవలె నిలువగలదు. పచ్చసొనతో నూనెను గిలకొట్టినప్పుడు నీరును నూనెయు విడిపోక కలిసియుండుటకు ఈ లెసిథినే కారణము.

తిన్న కోలీను చిన్నప్రేగులలో రక్తములోనికి చేరి, కణములకు పోవును. అచ్చట మొదట దానికి భాస్వరపు గుంపు తగుల్కొనును. తరువాత అది కొవ్వుతో ముడిపడి పొరలో భాగమగును. ఈ మార్గమును 1950 దశకమున అమెరికాలో యూజిన్ కెన్నెడీ వివరించెను. పెరుగుచున్న శిశువులో ప్రతిదినమును లెక్కలేనన్ని క్రొత్త కణములు పుట్టుచుండును. ప్రతి కణమునకును గోడ కావలెను. కట్టుబడి ఎక్కువయిన చోట సున్నమును ఇటుకయు ఎక్కువ కావలసినట్లే, గర్భములో కోలీను ఎక్కువ కావలెను.

రెండవ పని: కాలేయమునుండి కొవ్వును పంపుట

కందులు కోతకు వచ్చిన కాలమున మార్కెట్టు యార్డులో సరకు రాసులుగ పడియున్నదనుకొందము. లారీలు సిద్ధముగ నున్నవి, హమాలీలు ఉన్నారు, గోతాములు మాత్రము లేవు. సరకు కదలదు. పైపైన క్రొత్త సరకు వచ్చి పడుచుండగా యార్డు నిండిపోవును.

కాలేయము అట్టి యార్డు. తిండిలోని కొవ్వును, మిగిలిన పిండిపదార్థమునుండి తయారయిన కొవ్వును కాలేయము చిన్న చిన్న మూటలుగ కట్టి రక్తముద్వారా దేహమునకు పంపవలెను. ఆ మూటకు పైసంచి కోలీనుతో కూడిన కొవ్వే. అది చాలనప్పుడు కొవ్వు బయటికి పోలేక కాలేయములోనే పేరుకొనును. బెస్ట్ ఎలుకలలో చూచినది ఇదియే. కాలేయమున కొవ్వు చేరుటకు మద్యము, స్థూలకాయము, మధుమేహము వంటి వేరు కారణములును కలవు. కావున కాలేయవ్యాధి యన్న ప్రతిచోటను కోలీను కొరతయే యని తలపరాదు.

మూడవ పని: మిథైలు గుంపుల చేబదులు

ఊరిలో ఇరుగుపొరుగువారు శేరు బియ్యమో, గిన్నెడు పప్పో చేబదులు తెచ్చుకొందురు. దేహములో కణములు ఇట్లే మిథైలు గుంపులను ఒకదానినుండి యొకటి పుచ్చుకొనుచుండును. క్రొత్త కణములు పుట్టుటకును, వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. సరిగ నడచుటకును ఈ చేబదులు ఆగరాదు.

కోలీను కాలేయములోను మూత్రపిండములలోను బీటైను అను పదార్థముగ మారును. బీటైను తన మిథైలు గుంపు నొకదానిని హోమోసిస్టీను అను పదార్థమునకు ఇచ్చును. హోమోసిస్టీను మితిమీరి రక్తమున నిలుచుట మంచిది కాదు. మిథైలు గుంపు దొరకగానే అది మిథియొనీను అను మేలయిన పదార్థముగ మారును. ఇదే పనిని చేయు రెండవ ఇల్లు ఫోలిక్ ఆమ్లము. దానికి బి12 విటమిను తోడుండవలెను. ఒక ఇంటిలో నిలువ తగ్గినప్పుడు బరువు రెండవ ఇంటిమీద పడును. ఆకుకూరలు తినని గర్భిణికి ఫోలిక్ ఆమ్లము తగ్గినచో కోలీను ఎక్కువగ ఖర్చగును. కోలీను తగ్గినచో ఫోలిక్ ఆమ్లము ఎక్కువగ ఖర్చగును. రెండును తక్కువయిన ఇంట చేబదులునకు దిక్కుండదు.

ఫోలిక్ ఆమ్లమును గూర్చి చెప్పునప్పుడు తెలుగువారు స్మరింపదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున పనిచేసెను. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందము ఆయన నాయకత్వమున నడచినది. ఆయన 1948లో కీర్తిశేషుడయ్యెను. నేడు మన ఉపకేంద్రమున ఏ.ఎన్.ఎమ్. ఇచ్చు ఎఱ్ఱని ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలో ఆ కృషియొక్క ఫలమున్నది. గర్భధారణకు ముందునుండియు తగినంత ఫోలిక్ ఆమ్లము తీసికొనిన తల్లుల బిడ్డలలో వెన్నుపాము సరిగ మూసికొనక పోవు లోపము చాలవరకు తగ్గునని 1991లో రుజువయినది. కోలీను తినుచున్నాము గదా యని ఆ మాత్రను మానుట ఎంతమాత్రమును తగదు. మాత్ర మింగుచున్నాము గదా యని గ్రుడ్డును మానుటయు తగదు.

నాలుగవ పని: నాడుల టముకు

మెదడునుండి చేతికి "కదలుము" అను ఆజ్ఞ పోవలెనన్న నాడి కండరమును తాకు చోట సన్నని ఎడము ఉండును. ఆ యెడమును దాటి వార్తను మోయునది ఎసిటైల్ కోలీను అను పదార్థము. నాడి కొసలో కోలీనుకు ఎసిటైలు గుంపు చేరగా ఇది తయారగును. 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో పరిశోధన చేసి, నాడులు రసాయన పదార్థముద్వారా వార్త పంపునని చూపెను. ఆయనకును హెన్రీ డేలుకును 1936లో నోబెలు బహుమానము లభించెను.

ఊరిలో టముకు వేయువాడు వీధి మొదట నిలిచి వార్త చెప్పును, చెప్పి ఊరకుండును. అప్పుడే మరియొక వార్త వినుటకు వీలగును. నాడులలోను అంతే. ఎసిటైల్ కోలీను వార్త చెప్పిన క్షణములోనే కోలినెస్టరేజు అను ఎంజైము దానిని రెండుగ త్రుంచును. త్రుంచబడిన కోలీనును నాడి తిరిగి లోనికి తీసికొని మరల వాడుకొనును. గుండె వేగము, ఊపిరి, కంటిపాప, లాలాజలము, ప్రేగుల కదలిక, జ్ఞాపకశక్తి యన్నియు ఈ వార్తలమీద ఆధారపడియున్నవి. టముకు ఆగకున్న ఏమగునో ముందు చెప్పుదుము.

గర్భిణికి ఎంత, బాలింతకు ఎంత?

1998లో నిర్ణయించిన లెక్క ప్రకారము రోజుకు పురుషునికి 550, స్త్రీకి 425, గర్భిణికి 450, పాలిచ్చు తల్లికి 550 మిల్లీగ్రాముల కోలీను చాలును. 2016లో యూరపు ఆహార భద్రతా సంస్థ పెద్దలకు 400, గర్భిణికి 480, బాలింతకు 520 మిల్లీగ్రాములని చెప్పినది. లెక్కలలో కొంచెము భేదమున్నను, తల్లికి ఎక్కువ కావలెనను మాట రెండింటను ఒక్కటే.

మాయ తల్లి రక్తమునుండి కోలీనును శిశువువైపునకు తోడిపోయుచుండును. తల్లి రక్తములోకంటె శిశువు రక్తములో కోలీను అధికముగ నుండును. అనగా నూతిలో నీరు తగ్గినను మోటారు తోడుచునే యుండును. కొరత మొదట తల్లికి తగులును. పుట్టిన పిమ్మట తల్లిపాలలోనికిని కోలీను పోవుచుండును.

2018లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన ఒక అధ్యయనములో, చివరి మూడు నెలలలో కొందరు గర్భిణులకు రోజుకు 480, కొందరికి 930 మిల్లీగ్రాముల కోలీను ఇచ్చిరి. ఎక్కువ పొందిన తల్లుల శిశువులు చూచిన దానికి మరింత త్వరగ స్పందించిరి. పాల్గొనినవారు కొద్దిమందియే కాబట్టి దీనిని తుదిమాటగ కొనరాదు. అంత కోలీనును మాత్రల రూపమున ఇప్పింపుడని పంచాయతీ ఎవరికిని సలహా చెప్పరాదు. రోజు తిండిలో ఉండవలసినది ఉండునట్లు చూచుటయే మన పని.

మన తిండిలో ఎంతున్నది?

ఒక కోడిగ్రుడ్డులో సుమారు 147 మిల్లీగ్రాముల కోలీను ఉన్నది. ఇంచుమించుగ అంతయు పచ్చసొనలోనే యున్నది. తెల్లసొనలో దాదాపు లేదు. కావున పచ్చసొన తీసివేసి తినుటవలన ఈ ప్రయోజనము పోవును. పావులీటరు పాలలో సుమారు 40, ఉడికిన చిక్కుడు జాతి గింజలు అరగిన్నెలో సుమారు 45, గుప్పెడు వేరుసెనగ గింజలలో సుమారు 24, వేయించిన సోయా గింజలు అరగిన్నెలో సుమారు 107, తొక్కతో కాల్చిన పెద్ద బంగాళాదుంపలో సుమారు 57, ముక్కాలు పలమునకు మించని చిన్న కూరముక్కను విడిచి 85 గ్రాముల కోడిమాంసము తిన్నచో అందులో సుమారు 72 మిల్లీగ్రాములు ఉండును. ముడిబియ్యపు అన్నము గిన్నెడులో 19 మిల్లీగ్రాములు మాత్రమే. పాలిషు పట్టిన బియ్యములో ఇంకను తక్కువ.

ఒక గర్భిణి దినమునకు ఒక గ్రుడ్డు, పావులీటరు చొప్పున రెండుమార్లు పాలు, అరగిన్నె గింజలకూర, గుప్పెడు వేరుసెనగలు తినుచున్నదనుకొందము. గ్రుడ్డునకు 147, పాలకు 80, గింజలకు 45, వేరుసెనగలకు 24, మొత్తము 296. గ్రుడ్డును తీసివేసినచో 149 మాత్రమే మిగులును. తక్కిన మూడు వస్తువుల పెట్టుబడికి సమానమయినది ఒక్క గ్రుడ్డులో ఉన్నదన్నమాట. ముసలమ్మ కొంగున కట్టుకొని పోయినది ఆ సగము.

మేకకార్జము, కోడికార్జములలో కోలీను గ్రుడ్డులోకంటెను అధికము. కాని కార్జములో ఏ విటమిను మిక్కిలి ఎక్కువగ నుండును. గర్భిణి దానిని తరచుగ తినుట క్షేమము కాదు. గ్రుడ్డు తినని కుటుంబములవారు పాలు, పెరుగు, సోయా, గింజలు, వేరుసెనగలు, బంగాళాదుంపలు, ఆకుకూరలు కలిపి తినవలెను. గర్భిణి తినెడి గ్రుడ్డు బాగుగ ఉడికినదై యుండవలెను. గ్రుడ్డు వేడి చేయునను మాట పెద్దలనుండి వచ్చినది. దానిని ఎగతాళి చేయుటవలన లాభము లేదు. ఉడికించిన గ్రుడ్డు తినుటవలన కడుపులోని బిడ్డకు చెరుపు లేదని ఏ.ఎన్.ఎమ్. చేత, డాక్టరు చేత పెద్దలకు చెప్పించుట మేలు.

ఎక్కువ తిన్నను హాని కలదు. రోజుకు 3,500 మిల్లీగ్రాములకు మించినచో చెమటకు చేపవాసన వచ్చుట, రక్తపు పోటు పడిపోవుట, వాంతులు కలుగును. ప్రేగులలోని సూక్ష్మజీవులు కోలీనునుండి చేయు ఒక పదార్థమునకును గుండెజబ్బులకును సంబంధమున్నదా యని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. రోజు తిండిలో గ్రుడ్డు తినువారు ఈ హద్దునకు ఆమడ దూరమున ఉందురు. జ్ఞాపకశక్తి పెరుగునని అంగడిలో అమ్ము టానిక్కులను వైద్యుని అడుగక కొనరాదు.

చేలో ఆగని టముకు

ఇప్పుడు మిరపచేనికి వత్తము. మన ప్రాంతమున ప్రత్తి, మిరప, కంది పైరులకు పురుగుమందులు కొట్టుట సాధారణము. వీనిలో ఆర్గానోఫాస్ఫరసు జాతి మందులును, కార్బమేటు జాతి మందులును పురుగును చంపు విధము ఒక్కటే: అవి కోలినెస్టరేజు ఎంజైమును పట్టుకొని పనిచేయనీయవు. త్రుంచువాడు లేనందున ఎసిటైల్ కోలీను పేరుకొనును, టముకు ఆగదు, పురుగు కొట్టుకొని చచ్చును. మనుష్యుని నాడులలో ఉన్నదియు అదే ఎసిటైల్ కోలీను, అదే ఎంజైము. మందు ఊపిరివెంటనే గాక చర్మముద్వారా కూడ లోనికి పోవును. చొక్కా తడిసిన చాలును.

అట్టివానికి కంటిపాపలు సూదిమొనవలె చిన్నవగును. చెమట, కన్నీరు, చొంగ కారును. వాంతులు, విరేచనములు పట్టుకొనును. రొమ్ము బిగియును, కండరములు అదరును, తుదకు ఊపిరి తీయు కండరములు పడిపోవును. మందు ఎంజైమును పట్టుకొనిన కొంతసేపటికి ఆ పట్టు విడదీయరానిదగును. కావున ఆలస్యమయిన ప్రతి గంటయు ప్రాణమునకు ముప్పే. వైద్యులు ఎట్రోపిను ఇచ్చి టముకు చెవిన పడకుండ అడ్డుదురు. ప్రాలిడాక్సిము వంటి మందుతో ఎంజైమును విడిపించుటకు యత్నింతురు. ఇవి ఆసుపత్రిలో చేయవలసినవి, ఇంటిలో చేయరానివి.

ఒక్కసారిగ పడిపోవువారికే ముప్పు అనుకొనరాదు. ఎంజైము పూర్తిగ కోలుకొనుటకు వారములు పట్టును. నిన్నటి మందు ప్రభావము తీరకమునుపే నేటి మందు తోడగుచుండినచో తలనొప్పి, నీరసము, చూపు మసక క్రమముగ వచ్చును. ఎండదెబ్బయని, పని అలసటయని ఊరకుందురు. మందు కొట్టని కూలీ స్త్రీయు, కొట్టిన మరునాడే కాయ కోయుటకు చేలోనికి పోయినచో ఆకుల మీది మందును చేతులతో తుడుచుకొనుచున్నది. ఆమె గర్భిణియైనచో ఆ జాగ్రత్త ఇద్దరికి కావలెను.

ఇట్టి మందులలో కొన్నింటిని ప్రభుత్వము నిషేధించినది. ఫోరేటు, ట్రయజోఫాసు మందుల అమ్మకము 2020 డిసెంబరు 31తో ఆగవలెనని 2018లోనే ఉత్తర్వు వచ్చినది. మోనోక్రోటోఫాసు 36 శాతపు ద్రవమును 2023లో నిషేధించిరి. ఇంటి అటకలమీద పాత డబ్బాలు మిగిలియుండవచ్చును. వాని నెవరును వాడకుండ చూడవలెను. డబ్బాపై రంగు త్రికోణము చూచుట అందరికిని నేర్పుడు: ఎఱుపు మిక్కిలి విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము.

పంచాయతీ చేయగల పనులు

ఒకటి: గర్భిణులలో కూలికి పోవువారెందరో అంగన్‌వాడీ కార్యకర్తతో కలిసి జాబితా వ్రాయుడు. మధ్యాహ్నము కేంద్రమునకు రాలేనివారికి ఉదయము చేనికి పోకమునుపు ఉడికించిన గ్రుడ్డు అందునట్లు పర్యవేక్షకురాలితో మాటలాడి వేళ కుదుర్చుడు. నల్లమల అంచున దోర్నాల, ఎఱ్ఱగొండపాలెము వైపు చెంచు గూడెములవంటి దూరపు నివాసములను మరువరాదు.

రెండు: గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘపు సమావేశమునకు అత్తగారలను పిలువుడు. గర్భిణితో మాత్రమే చెప్పిన మాట ఇంటిలో నిలువదు. చిన్నపిల్లలకు వారి వాటా గ్రుడ్డు వేరుగ అందుచున్నదో లేదో విచారింపుడు. అది అందినచో కోడలి గ్రుడ్డు కోడలికే మిగులును.

మూడు: ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఉపకేంద్రమున నిలువ ఉన్నవో లేవో నెలకొకమారు అడుగుడు.

నాలుగు: మందు కొట్టిన చేని గట్టున ఎఱ్ఱగుడ్డ కట్టు ఆచారమును గ్రామసభలో తీర్మానింపుడు. డబ్బాపై వ్రాసిన గడువు తీరువరకు కూలీలను దింపరాదు. గర్భిణులు, బాలింతలు, పిల్లలు మందు కలుపుటగాని కొట్టుటగాని చేయరాదు. కొట్టువారు చేతితొడుగులు, ముక్కుగుడ్డ, నిండుచేతుల చొక్కా ధరించి, గాలికి ఎదురుగ కొట్టక, పని ముగియగానే సబ్బుతో స్నానము చేయవలెను. ఖాళీ డబ్బాలలో నీరు, నూనె పోయరాదు.

అయిదు: ఎవరికైనను విషలక్షణములు కనబడినచో చేనినుండి తప్పించి, తడిసిన బట్టలు విప్పించి, సబ్బునీటితో ఒళ్ళు కడిగి, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి ఫోను చేయుడు. కడుగువారు తమ చేతులకు మందు అంటకుండ చూచుకొనవలెను. వాంతి చేయింపరాదు, పాలు, నూనె పట్టరాదు. మందు డబ్బాను వెంట తీసికొని పోవలెను. దానిని చూచి వైద్యుడు చికిత్స నిర్ణయించును. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఎట్రోపిను సూదిమందు ఉన్నదా యని సర్పంచి ముందుగనే అడిగియుండవలెను.

ఈ పనులలో దేనికిని పెద్ద నిధులు అక్కరలేదు. కావలసినది వేళ కుదుర్చుటయు, ఒక మాట చెప్పుటయు, ఒక గుడ్డ కట్టుటయు. మొదట చెప్పిన గ్రామములో ఆ ముసలమ్మకు ఈ లెక్క చెప్పినప్పుడు ఆమె కొంచెముసేపు ఆలోచించి, "అయితే పొద్దున్నే ఉడికించి ఇస్తారా సామీ, చేనికి పోయే ముందర దాని నోట్లో నేనే పెడతా" అనెను. ప్రభుత్వము ఇచ్చిన గ్రుడ్డునకును, కోడలి నోటికిని నడుమ మిగిలియున్న దూరము అంతే. ఆ దూరమును తగ్గించువాడే మంచి పంచాయతీ సభ్యుడు.